పాత హాలీవుడ్ క్యారెక్టర్ ఆర్టిస్టును వెంబడించడం ఎలా: థామస్ మిచెల్‌తో ఒక పద్ధతి

హీరో కెరీర్‌ను చూడటానికి పద్ధతులేమీ అక్కర్లేదు. పోస్టరు మీద పేరుంటుంది, ఆయన కోసమే రాసిన కథ ఉంటుంది. వరుసగా చూసుకుంటూ పోతే సరిపోతుంది. క్యారెక్టర్ ఆర్టిస్టుతో అలా కుదరదు. రెండు గంటల సినిమాలో పన్నెండు నిమిషాలు కనిపిస్తాడు, అదీ ముక్కలు ముక్కలుగా. ఒక సినిమాలో తాగుబోతు డాక్టరు, ఇంకోదాంట్లో ఊరి మేయరు. ముఖం తెలుసు, పేరు నోటికి రాదు. ఇలాంటి మనిషి ముప్పై ఏళ్ల పనిని వరుసలో పెట్టి చూడాలంటే కొంత ఓపిక, ఒక నోట్‌బుక్ కావాలి. నా ఉద్యోగమంతా పద్దు పుస్తకాలతోనే గడిచింది కాబట్టి నోట్‌బుక్ అనగానే నాకు హుషారొస్తుంది. మీకు రాకపోయినా పర్వాలేదు, గళ్లు గీయడం ఐదు నిమిషాల పని.

ముందు మనిషిని ఎంచుకోవాలి. ఆస్కార్ జాబితా తీసి అందులోంచి ఏరుకోకండి. మీరు ఇప్పటికే చూసిన పాత సినిమాల్లో కనీసం రెండింటిలో తగిలి, "వీణ్ణి ఎక్కడో చూశానే" అనిపించిన ముఖాన్ని పట్టుకోండి. ఆ చిరాకే మిమ్మల్ని జాబితా చివరిదాకా లాక్కెళ్తుంది. నాకలా తగిలినవాడు థామస్ మిచెల్. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో ఎనిమిది వేల డాలర్లు పోగొట్టిన అంకుల్ బిల్లీ ఆయనే. 'గాన్ విత్ ద విండ్'లో స్కార్లెట్ తండ్రీ ఆయనే. రెండూ ఒకే మనిషని తెలిశాక ఊరుకోలేకపోయాను. ఇక్కడ చెప్పేదంతా ఆయన్ని ఉదాహరణగా పెట్టుకునే చెబుతాను. మీరు వార్డ్ బాండ్‌ని పట్టుకున్నా, జేన్ డార్వెల్‌ని పట్టుకున్నా పద్ధతి ఇదే.

జాబితా, గళ్లు

సినిమాల జాబితాకు ఐఎండీబీ ఒక్కటే చాలదు. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కేటలాగు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చాలా సినిమాలకు షూటింగ్ ఎప్పటి నుంచి ఎప్పటివరకు జరిగిందో కూడా అందులో ఉంటుంది, మనకు కావాల్సింది అదే. విడుదల తేదీని నమ్ముకుంటే నటుడి జీవితం తప్పుగా కనిపిస్తుంది. మిచెల్ గురించి ఎవరు రాసినా ముందు చెప్పేది 1939లో ఐదు పెద్ద సినిమాలు చేశాడని. విడుదలలు చూస్తే నిజమే. కానీ 'స్టేజ్‌కోచ్' షూటింగ్ 1938 చివర్లోనే అయిపోయింది. 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్', 'గాన్ విత్ ద విండ్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్' ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1938 శరదృతువు నుంచి 1939 శరదృతువు దాకా ఆ మనిషికి తీరిక దొరికి ఉండదు. ఇది తెలిశాక ఆ ఐదు పాత్రలూ వేరేగా కనిపిస్తాయి.

నోట్‌బుక్‌లో గళ్లు ఇవి: షూటింగ్ ఏడాది, స్టూడియో, దర్శకుడు, పాత్ర వృత్తి, పాత్ర వయసు, ఎవరితో ఎక్కువ మాట్లాడతాడు, తెర మీద చివరిసారి ఏం చేస్తూ కనిపిస్తాడు. పాత్ర పేరు రాసుకున్నా ఒకటే, మానుకున్నా ఒకటే. రెండు నెలల తర్వాత అదెలాగూ గుర్తుండదు. వృత్తి మాత్రం తప్పకుండా రాయండి. క్యారెక్టర్ ఆర్టిస్టు కథంతా ఆ గడిలోనే ఉంటుంది.

మిచెల్ వరుస చూడండి. 1937లో జాన్ ఫోర్డ్ తీసిన 'ద హరికేన్'లో ఒక దీవిలో తాగుతూ తిరిగే డాక్టరు. దానికి సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అదే ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్'లో మళ్లీ తాగుబోతు డాక్టరే ఇచ్చాడు, ఈసారి అవార్డు చేతికొచ్చింది. 1940లో 'అవర్ టౌన్'లో ఇంకో డాక్టరు, కానీ చాలా మర్యాదస్తుడు. 1944లో 'ద కీస్ ఆఫ్ ద కింగ్‌డమ్'లో మళ్లీ డాక్టరే. గడిలో వరుసగా డాక్టరు, డాక్టరు అని రాస్తున్నప్పుడు నవ్వొస్తుంది. కానీ ఒకసారి పనికొచ్చిన ముఖాన్ని స్టూడియో ఎలా వాడుకుంటుందో తేలేది అక్కడే. తర్వాత మీరు చూడాల్సింది, ఒకే ఉద్యోగంలో ఆయన ఎన్ని వేరు వేరు మనుషుల్ని చూపించాడన్నది.

స్టూడియో గడి కూడా మాట్లాడుతుంది. ఆ రోజుల్లో స్టూడియోలు నటుల్ని ఏడేళ్ల కాంట్రాక్టులో కట్టేసేవి. కొనసాగించాలా, వదిలేయాలా అన్నది స్టూడియో ఇష్టం. నటుడికి ఆ వీలు లేదు. పాత్ర వద్దంటే సస్పెన్షన్, ఆ సస్పెన్షన్ కాలాన్ని కాంట్రాక్టు చివర కలిపేసేవారు. 1944లో నటి ఒలీవియా డి హావిలాండ్ కోర్టులో గెలిచిన కేసు ఈ కలపడం మీదే. ఒక స్టూడియో తన నటుణ్ణి ఇంకో స్టూడియోకి అద్దెకివ్వడమూ మామూలే. మిచెల్ 1936, 37 పేజీల్లో కొలంబియా పేరు వరసపెట్టి వస్తుంది: 'క్రెయిగ్స్ వైఫ్', 'థియోడోరా గోస్ వైల్డ్', 'లాస్ట్ హొరైజన్'. 1939కి వచ్చేసరికి కొలంబియా రెండుసార్లే. మిగతావి నిర్మాతలు వాల్టర్ వాంగర్, సెల్జ్‌నిక్, ఇంకా ఆర్‌కేఓ స్టూడియో. అంటే మూడేళ్లలో హాలీవుడ్‌లో అందరికీ కావాల్సినవాడయ్యాడు. ఈ సంగతి మనకు ఏ జీవిత చరిత్రా చెప్పక్కర్లేదు, గడులు నింపితే అదే కనిపిస్తుంది.

ఏది ముందు చూడాలి

పుట్టుక నుంచి మొదలుపెట్టకండి. మిచెల్ 1892లో న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో పుట్టాడు, కొన్నాళ్లు పత్రికా విలేకరిగా చేశాడు, ఆ తర్వాత నాటకాలు. 1923లో ఒక మూకీ సినిమాలో కనిపించాడు. మళ్లీ సినిమాల్లో నిలదొక్కుకున్నది 1936లో, నలభై నాలుగేళ్ల వయసులో. మూకీతో మొదలుపెడితే మీరు రెండో వారానికే మానేస్తారు. మధ్యలో, పని దట్టంగా ఉన్న చోట దూరండి. వెనక్కి, ముందుకి తర్వాత వెళ్లొచ్చు.

నేనైతే 'స్టేజ్‌కోచ్'తో మొదలుపెట్టమంటాను. సినిమా ఒకసారి మామూలుగా చూసేయండి. కథ తెలియకుండా నటుణ్ణి గమనించడం కుదరదు. రెండోసారి ఆయనున్న సీన్లే చూడండి. ఇక్కడ చాలామంది ఆయన మాట్లాడేటప్పుడు చూసి, ఆపగానే చూపు తిప్పేస్తారు. మీరు ఆయన నోరు మూసుకున్నప్పుడు చూడండి. బండిలో విస్కీ అమ్మే ఒక మెతక మనిషి పక్కన కూర్చుని, అతని శాంపిల్ సీసాల సంచీని ఈ డాక్టరు ఎంత ప్రేమగా కాపాడుతుంటాడో గమనించండి. అప్పుడు మాటలన్నీ వేరేవాళ్లవి, మీ కళ్లు మాత్రం ఇతని చేతుల మీదే ఉంటాయి.

ఆ తర్వాత కాన్పు సీన్. మత్తు దిగడానికి కాఫీ మీద కాఫీ తాగుతాడు, ముఖం మీద నీళ్లు కొట్టించుకుంటాడు. హాస్యంగా మొదలై ఎక్కడ హాస్యం ఆగిపోతుందో పట్టుకోండి. నేను ఆ సీన్‌ను ధ్వని తీసేసి కూడా చూశాను. భుజాలు నిటారుగా అయ్యే క్షణం ఒకటుంది, మాటలు వినకపోయినా అతను డాక్టరైపోయాడని తెలుస్తుంది. చివర్లో సెలూన్‌లో విలన్‌ను షాట్‌గన్ అక్కడ వదిలేసి వెళ్లమని నిలదీస్తాడు. వాడు వదిలి వెళ్లిపోయాక వణుకు మొదలవుతుంది, ఇంకెప్పుడూ నన్నిలా చేయనివ్వకండి అంటాడు. ధైర్యం ముందు, భయం తర్వాత. ఈ వరుసే ఆ పాత్రను నిలబెట్టింది. నన్నడిగితే ఆస్కార్ ఆ ఒక్క సీన్‌కే ఇచ్చేయొచ్చు.

తర్వాత అదే ఏడాది మిగతా నాలుగూ చూడండి, వరుస ఎలా ఉన్నా ఫరవాలేదు. 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్'లో కళ్లు మందగించిన పైలట్. అందులో ఒక్క చుక్క అతి ఉండదు, దర్శకుడు హోవర్డ్ హాక్స్ ఉండనివ్వలేదేమో. 'మిస్టర్ స్మిత్'లో వాషింగ్టన్ విలేకరి. తను ఒకప్పుడు చేసిన ఉద్యోగమే కాబట్టి చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచేశాడు. 'హంచ్‌బ్యాక్'లో బిచ్చగాళ్ల రాజు, అది నాకంత నచ్చలేదు. మేకప్, గుంపు, అరుపుల మధ్య మనిషి దొరకడు. 'గాన్ విత్ ద విండ్'లో జెరాల్డ్ ఓ'హారా గుర్రం మీద వచ్చినప్పుడు మామూలే అనిపిస్తుంది. యుద్ధం తర్వాత మతి చలించి, ఇక చెల్లని కాన్ఫెడరేట్ (అంటే ఓడిపోయిన దక్షిణ రాష్ట్రాల) బాండ్లు కూతురికి చూపించే చోట ఆగండి. కళ్లలో మనిషి లేడు, మర్యాద మాత్రం మిగిలింది. అప్పటికి మిచెల్‌కు నలభై ఆరేళ్లు. భార్యగా వేసిన బార్బరా ఓ'నీల్‌కు ముప్పై కూడా లేవు. వయసు గడి ఎందుకు పెట్టమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

జంటలు వెతకండి

నా ఉద్దేశంలో ఈ పద్ధతి మొత్తంలో రుచికరమైన భాగం ఇదే. మీ నటుడి జాబితాను ఇంకో క్యారెక్టర్ ఆర్టిస్టు జాబితాతో కలిపి చూడండి. మిచెల్‌కు నేను కలిపింది బ్యూలా బోండీని. ఈవిడ ఇండియానా రాష్ట్రంలోని వాల్పరైజో నుంచి వచ్చిన రంగస్థల నటి. బ్రాడ్‌వేలో చేసిన 'స్ట్రీట్ సీన్' పాత్రతోనే 1931లో సినిమాల్లోకి వచ్చింది, అప్పటికే నలభై దాటాయి. జేమ్స్ స్టూవర్ట్‌కు నాలుగు సినిమాల్లో తల్లి.

ఇద్దరూ కలిసి మొదట కనిపించేది 1937లో లియో మెకారీ తీసిన 'మేక్ వే ఫర్ టుమారో'లో. బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే, ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు తలా ఒకరిని పంచుకుంటారు. అందులో బోండీ తల్లి, మిచెల్ పెద్దకొడుకు. నిజానికి ఇద్దరి మధ్య తేడా మూడు నాలుగేళ్లే! ఆవిడకు యాభై కూడా నిండలేదు, డెబ్బై దాటిన మనిషిలా కూర్చుంటుంది, లేస్తుంది. కొడుకు ఆమెను వృద్ధాశ్రమానికి పంపాల్సి వస్తుంది, చెప్పడానికి నోరు రాదు. విషయం అప్పటికే పసిగట్టిన తల్లి, నేనే అక్కడికి వెళ్దామనుకుంటున్నా అని ముందే అనేస్తుంది. ఆ మాటలు వింటున్నంతసేపూ మిచెల్ చేసిందల్లా నిలబడటమే. తర్వాత భార్య దగ్గరికెళ్లి, ఈ రోజును తలచుకుని నన్ను చూసి గర్వపడొచ్చు అన్న అర్థంలో ఒక్క చేదు మాట అంటాడు. వెన్ను విరిగిన మంచివాణ్ణి అంత తక్కువ సరుకుతో చూపించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ సీన్ మూడుసార్లు చూడండి. ఒకసారి ఆవిడ కోసం, ఒకసారి ఆయన కోసం, ఒకసారి ఊరికే.

1939లో ఇద్దరూ 'మిస్టర్ స్మిత్'లో ఉన్నారు. ఈవిడ హీరో తల్లి, ఆయన రాజధానిలో విలేకరి. 1940లో 'అవర్ టౌన్'లో పక్కపక్క ఇళ్లవాళ్లు: ఆయన పెళ్లికొడుకు తండ్రి, ఈవిడ పెళ్లికూతురు తల్లి. అంటే మూడేళ్ల కిందటి తల్లీకొడుకులు వియ్యాలవారైపోయారు. పైగా 'మేక్ వే'లో మిచెల్ భార్యగా వేసిన ఫే బెయింటరే ఇక్కడా భార్య. 1946లో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'కి వచ్చేసరికి బోండీ వదిన, మిచెల్ మరిది. హీరో పుట్టనే లేని లోకం చూపించే భాగంలో మిచెల్ తెర మీద లేడు. తలుపు దగ్గర నిలబడ్డ బోండీ మాటల్లోనే తెలుస్తుంది, వ్యాపారం పోయినప్పటి నుంచి ఆ మరిది పిచ్చాసుపత్రిలో ఉన్నాడని. కనిపించని చోట కూడా ఆయన సినిమాను మోస్తున్నాడన్నమాట. ఇలాంటివి ఎవరితో మాట్లాడాడన్న గడిలో కాకుండా పక్కన మార్జిన్‌లో రాసుకోండి.

అవార్డుల విషయంలో

అవార్డుల్ని ఒక చిన్న గుర్తుగా పెట్టుకోండి, అంతకుమించి వద్దు. సహాయ నటులకు ఆస్కార్ 1936 సినిమాల నుంచి మొదలైంది. మొదట్లో వాళ్లకు బొమ్మ ఇచ్చేవారు కాదు, ఫలకం ఇచ్చేవారు. అసలు బొమ్మ చేతికివ్వడం 1944 వేడుకలో మొదలైంది. మిచెల్‌కు దక్కింది ఫలకమే. మొదటి ఏడాది సహాయ నటుడి అవార్డు తీసుకున్న వాల్టర్ బ్రెన్నన్, ఐదేళ్లలో మూడుసార్లు గెలిచాడు. గొప్ప నటుడే, సందేహం లేదు. కానీ అప్పట్లో ఎక్స్‌ట్రాలకు కూడా ఓటుండేది, బ్రెన్నన్ ఎక్స్‌ట్రాగా మొదలైనవాడు. ఓట్ల లెక్కను ప్రతిభ లెక్క అనుకోకూడదు.

వృత్తి గడి ఇంకో నిజం కూడా చెబుతుంది, ఇది దాటేసి పోవద్దు. మిచెల్ పేజీలో డాక్టరు, విలేకరి, పైలట్, మేయరు, జడ్జి ఉంటారు. హాటీ మెక్‌డేనియల్ పేజీ తెరిచి అదే గడి నింపండి. పనిమనిషి, పనిమనిషి, పనిమనిషి. మిచెల్ గెలిచిన రాత్రే, 1940 ఫిబ్రవరి 29న, 'గాన్ విత్ ద విండ్'కి ఆవిడా గెలిచింది. ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి. అంబాసిడర్ హోటల్‌లో జరిగిన ఆ వేడుకలో ఆవిణ్ణి తోటి నటుల దగ్గర కాకుండా విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ తర్వాత కూడా ఆవిడ గడిలో మాట పెద్దగా మారలేదు. ఇలాంటి నటి కెరీర్‌ను చూసేటప్పుడు పాత్రలో వైవిధ్యం వెతికితే మోసపోతాం. అదే పాత్రలోకి ఆవిడ ఎక్కడెక్కడ తన సొంత చూపును, వెటకారాన్ని దొంగచాటుగా తెచ్చిందో రాసుకోవాలి.

కథలు, కాగితాలు

చదువుకోవడానికి పాత సినీ పత్రికలున్నాయి. మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీలో 'ఫోటోప్లే', 'ఫిల్మ్ డైలీ' లాంటివి పేజీలకు పేజీలు ఉచితంగా చదవొచ్చు, పేరు కొట్టి వెతకొచ్చు. మిచెల్ లాంటి మామూలు పేరైతే సినిమా పేరు కూడా జతచేసి వెతకండి, లేకపోతే ఊళ్లో ఉన్న ప్రతి మిచెల్ వచ్చి పడతాడు. లాస్ ఏంజెలెస్ వైపు వెళ్లే పని పడితే బెవర్లీ హిల్స్‌లో అకాడమీ వాళ్ల మార్గరెట్ హెరిక్ లైబ్రరీ ఉంది. ఆ పత్రికల్లో రాసిందంతా నమ్మకండి, సగం స్టూడియో ప్రచార విభాగం అందించిన సరుకే. నేను ఎవరు ఏ సినిమాకు ఒప్పుకున్నారు, ఎవరు మానేశారు అన్నంతవరకే తీసుకుంటాను.

షూటింగ్ కబుర్లు కూడా అంతే. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో అంకుల్ బిల్లీ తూలుతూ వెళ్లిపోయాక తెర బయట ఏదో భళ్లున పడిన చప్పుడు, నాకేం కాలేదని ఆయన కేక వినిపిస్తాయి. నిజానికి ఎవరో సిబ్బంది సామాను జారవిడిచారని, మిచెల్ అప్పటికప్పుడు ఆ మాట అనేశాడని చెప్పుకుంటారు. బాగుంది కదా? బాగున్న కథల్ని నేను నోట్‌బుక్ వెనక పేజీల్లో రాస్తాను, గళ్లలోకి రానివ్వను.

చివరి పదేళ్లు

చాలామంది 1950 దగ్గర ఆపేస్తారు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోల చేతుల్లోంచి థియేటర్లు జారడం మొదలైంది, టీవీ వచ్చింది, ఏడాదికి ఐదు సినిమాల రోజులు పోయాయి. క్యారెక్టర్ ఆర్టిస్టులు మాత్రం ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్లారు. 1953లో మిచెల్‌కు టీవీ నటనకు ఎమ్మీ, 'హేజెల్ ఫ్లాగ్' అనే సంగీత నాటకానికి టోనీ వచ్చాయి. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ ఉన్న మొదటి మగవాడు ఆయనే. బోండీ అయితే 1977లో, ఎనభై దాటిన వయసులో, 'ద వాల్టన్స్' టీవీ సీరియల్‌కి ఎమ్మీ తీసుకుంది.

ఈ కాలంలో తప్పక చూడాల్సింది 1952 నాటి 'హై నూన్'. తనను చంపడానికి వస్తున్నవాళ్లను ఎదుర్కోవడానికి ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి, చర్చికి వచ్చి సాయం అడుగుతాడు. అక్కడ మేయరుగా మిచెల్ లేచి మాట్లాడతాడు. మార్షల్ ఎంత గొప్పవాడో, ఊరు అతనికి ఎంత రుణపడి ఉందో చెబుతాడు. వింటున్న మనకు ఇక సాయం దొరికినట్టే అనిపిస్తుంది. అదే గొంతుతో, అదే ఆప్యాయతతో, వీధుల్లో కాల్పులు జరిగితే ఊరికి పెట్టుబడులు రావని, నువ్వు వెళ్లిపోవడమే మేలని ముగిస్తాడు. ప్రసంగం ఏ వాక్యం దగ్గర తిరిగిందో పట్టుకోవడానికి వెనక్కి జరిపి చూడండి. కుట్టు కనిపించదు. పదిహేనేళ్లుగా ప్రేక్షకులు నమ్మిన మంచి ముఖాన్ని ఇక్కడ వెన్నుపోటుకు వాడుకున్నారు. ముందు సినిమాలు చూడనివాళ్లకు ఈ దెబ్బ సగమే తగులుతుంది.

నాటకాలకు జాబితాలో వరుసలు కేటాయించి, చూసేందుకు లేదు అని రాసేయండి. ఖాళీగా మాత్రం వదలొద్దు. మిచెల్ చివరి పని అలాంటిదే. 1962లో ఊరూరా తిరిగి ఆడిన 'ప్రిస్క్రిప్షన్: మర్డర్' నాటకంలో లెఫ్టినెంట్ కొలంబో పాత్ర. తర్వాత పీటర్ ఫాక్ టీవీలో ప్రపంచమంతటికీ తెలిసేలా చేసిన కొలంబోను వేదిక మీద ఆయన ముందే వేశాడు. ఆ డిసెంబరులోనే చనిపోయాడు. దానికి ఏడాది ముందు వచ్చిన 'పాకెట్‌ఫుల్ ఆఫ్ మిరకిల్స్' దొరుకుతుంది కాబట్టి ముసలి మిచెల్‌ను అందులో చూడొచ్చు.

జాబితా అయిపోయాక కొత్తవాళ్ల కోసం వేరే చోట వెతకక్కర్లేదు, గడులు తిరగేస్తే ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ తగులుతారు. మిచెల్ పేజీల్లో నాకలా తగిలిన పేరు హెచ్.బి. వార్నర్. 'లాస్ట్ హొరైజన్', 'మిస్టర్ స్మిత్', 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' మూడింటిలోనూ ఉన్నాడు. 1937 సినిమాలకు మిచెల్‌తో పాటే నామినేట్ అయ్యాడు, ఇద్దరూ ఓడిపోయారు. 1927లో సెసిల్ బి. డెమిల్ మూకీ సినిమాలో ఏసుక్రీస్తుగా వేసినవాడు, 1946కి వచ్చేసరికి తాగిన మత్తులో మందు కలపడంలో పొరపాటు చేసే మందుల షాపు యజమాని అయ్యాడు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో చూడాలంటే మూకీల దగ్గరి నుంచే మొదలుపెట్టాలి. కాబట్టి ఈయన విషయంలో మాత్రం మధ్యలో దూరమన్న నా సలహా పక్కన పెట్టండి.